బిడారు బండి – సామాను వ్యాన్‌ను సంచార గదిగా మార్చుకోవడం ఎలా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. కథలు, కవితలు రాసేవాళ్ళు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. నాకు చేతనైంది చేతిపని. అందుకని ఐ.టి.ఐ. తర్వాత నేనూ, మన హాస్టల్లోనే నాతోపాటు చదివిన మరో ఇద్దరు మిత్రులూ కలిసి చేసిన ఒక పని గురించి రాస్తున్నాను. సామాను మోసే ఒక పాత వ్యాన్‌ను మనుషులు వండుకుని, పడుకుని, పని చేసుకునే బండిగా మార్చుకున్నాం. కరెంటు, నీళ్ళు, గ్యాసు దేనికీ రెండు మూడు రోజులపాటు ఇంకొకరి గుమ్మం ఎక్కనవసరం లేదు. ఇలాంటి బండిని క్యాంపర్ వ్యాన్ అంటారు. మన తెలుగులో దీనికి దగ్గరి మాట ‘బిడారు’.

ఇది డబ్బున్నవాళ్ళ సరదా అని కొందరనుకుంటారు. మాకు మాత్రం అవసరం నేర్పిన విద్య. మేం ఊరూరా తిరిగి బోరు మోటార్లు, సోలార్ పంపులు బిగిస్తాం. ఒక ఊళ్ళో పని వారం రోజులుంటుంది. ఒకసారి ఇలాగే ఒక ఊళ్ళో గది అడిగాం. ఆ పెద్దమనిషి తలుపు తీసి గది చూపించాడు, కిరాయి చెప్పాడు. ఆ తర్వాత ఇంటిపేరు అడిగాడు, సొంతూరు అడిగాడు, ఊళ్ళో మా ఇల్లు ఏ వైపో అడిగాడు. చివరికి “రేపు మా చుట్టాలొస్తున్నారు బాబూ” అన్నాడు. ఆ రాత్రి మోటార్ల పక్కన, వ్యాన్ రేకు మీద గోనెసంచులు పరుచుకుని పడుకున్నాం. తెల్లారాక, ‘పడుకోవడం ఎలాగూ ఇందులోనే అయినప్పుడు సరిగ్గానే పడుకుందాం’ అనుకున్నాం. అలా మొదలైంది ఈ పని.

మన చుట్టూ ఉన్న బిడార్లు

బండిలో బతకడం మన నేలకు కొత్త కాదు. దక్కనులో వెనకటి రోజుల్లో సైన్యాలకు ధాన్యం, ఉప్పు చేరవేసింది లంబాడీల ఎడ్ల బిడార్లే. హైదరాబాదులో కార్వాన్ అనే పేట పేరులోనే బిడారు ఉంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్ దగ్గర ఓ గంట నిలబడి చూడండి. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు లారీలు కనబడతాయి. ఆ కూలీలు నెలల తరబడి ఆ లారీనే ఇల్లు చేసుకుంటారు. కోతల కాలంలో పంజాబు నుంచి వరికోత యంత్రాలతో వచ్చే మనుషులదీ అదే బతుకు.

తెలుగు నేల మీద అందరికన్నా పేరుపొందిన మార్పు బండి ‘చైతన్యరథం’. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు గారు ఒక పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించి, అందులో ఊరూరా తిరిగారు. నడిపింది ఆయన కుమారుడు హరికృష్ణ. పైన వేదిక, లోపల విశ్రాంతి. రోడ్డు పక్కనే స్నానం, తిండి, నిద్ర. రాజకీయం సంగతి పక్కన పెడితే, ఒక బండి మనిషిని నెలల తరబడి ఇంటికి వెళ్ళకుండా నిలబెట్టగలదని అప్పుడే లోకానికి తెలిసింది.

ఇక మన ఇంటి ముంగిటి ఉదాహరణ 108. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవకు కేంద్రం శామీర్‌పేట పక్కన దేవరయాంజాల్ దగ్గరే ఏర్పడింది. 108 బండి లోపల ఏముంది? ఖాళీ వ్యాన్ డొక్కు, లోపల తాపడం, రెండో బ్యాటరీ, ఇన్వర్టరు, లైట్లు, కదలకుండా బిగించిన బీరువాలు, మనిషి పడుకునే బల్ల. క్యాంపర్ వ్యాన్‌కు కావలసినవీ ఇవే. కాబట్టి ఈ విద్య నేర్చినవాడికి పని ఒక్క క్యాంపర్లతోనే ఆగదు.

మొదట కాగితం, తర్వాత కటింగ్ మిషన్

మేం చేసిన మొదటి తప్పు ఇదే. ఉత్సాహం కొద్దీ పక్క రేకు కోసి కిటికీ పెట్టించాం. ఫిట్‌నెస్‌కు తీసుకుపోతే బండిని వెనక్కి పంపారు. తప్పు మాదే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. సామాను బండిగా రిజిస్టరైన వ్యాన్ వెనకభాగంలో మనుషుల్ని కూర్చోబెట్టి నడపడమూ నేరమే.

ఏం చేయాలి? ముందు కొలతలతో బొమ్మ గీసుకోండి. ఏది కోస్తారు, ఏది బిగిస్తారు, ఎంత బరువు పెరుగుతుంది అన్నది రాసుకోండి. ఆ కాగితం తీసుకుని ఆర్.టి.ఏ. కార్యాలయానికి వెళ్ళి, మీ బండి తరగతి మార్చడానికి ఏమేం కావాలో అడగండి. మోటారు కారవాన్‌ల కోసం మన దేశంలో ఏ.ఐ.ఎస్.-124 అనే ప్రమాణం ఉంది. దాన్ని తెలిసిన బాడీ బిల్డర్‌తో మాట్లాడండి. అనుమతి చేతికొచ్చి, ఆర్.సి.లో మార్పు ఎక్కాకే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా డబ్బు రావడం కష్టం. మేం కిటికీ మూయించి, అనుమతి తెచ్చుకుని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. రెండు నెలలు పోయాయి. మీకు ఆ రెండు నెలలు మిగలాలని ఇది ముందే రాస్తున్నాను.

బండి ఎంపిక, బరువు లెక్క

పైకప్పు ఎత్తుగా ఉన్న మూత వ్యాన్ మంచిది. లోపల నిలబడగలిగితే నడుము బతుకుతుంది. పాత బండి కొనేటప్పుడు ఇంజిను ఒక్కటే చూస్తే చాలదు. కింద పడుకుని చాసిస్ చూడండి. తలుపుల కింది అంచులు, చక్రాల పైన గూళ్ళు, నేల రేకు మూలలు స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. తుప్పు పొరగా ఉంటే గీకి, ప్రైమరు వేసి ఆపవచ్చు. పొడిస్తే దిగిపోతోందంటే ఆ బండి వద్దు.

కొన్నాక ఖాళీ బండిని కాంటా మీద పెట్టండి. ఆర్.సి.లో రాసిన మొత్తం బరువు పరిమితిలోంచి ఖాళీ బరువు తీసేస్తే వచ్చేది మీ చేతిలో ఉన్న బరువు. మనుషులు, పనిముట్లు, నీళ్ళు అన్నీ అందులోనే సరిపోవాలి. నీళ్ళు లీటరుకు కిలో. 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలు దాటుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెద్ద షీటు ఒక్కటే ముప్పై కిలోల పైమాట. అందుకే మంచానికి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేసి, కింద పైపు ఫ్రేము కట్టాం. బరువైన వస్తువులు కింద, ముందు వెనక ఇరుసుల మధ్య, కుడి ఎడమల సమంగా ఉండాలి. ఎత్తులో బరువు పెడితే మలుపులో బండి ఒరుగుతుంది.

ఇంకొక మాట. లోపల పెట్టిన ప్రతి వస్తువునూ బోల్టుతోనో, బెల్టుతోనో కట్టేయాలి. పదో తరగతి లెక్కే చూడండి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. 20 కిలోల నీళ్ళ డబ్బాకు ఆ వేగంలో ఉండే గతిజశక్తి సుమారు 2,780 జౌళ్ళు. అదే డబ్బాను 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీది నుంచి కింద పడేసినంత. సడన్‌గా బ్రేకు పడినప్పుడు ఆ డబ్బా మీ వీపు వెనకే ఉంటుంది.

నేలకు రంధ్రం వేసే ముందు బండి కింద ఏముందో చూడండి. డీజిలు ట్యాంకు, బ్రేకు పైపు, వైర్ల కట్ట – మూడింటిలో దేనికి డ్రిల్లు తగిలినా ప్రమాదమే. పలచని రేకుకు బోల్టు వేస్తే వెనక వెడల్పు పట్టీ తప్పనిసరి. లేకపోతే నెల తిరక్కుండా రేకు చిరుగుతుంది. పైకప్పు అడ్డ పట్టీలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కోయవద్దు. బండి బలం వాటిలోనే ఉంది.

ఎండను బయటే ఆపడం

మేడ్చల్, శామీర్‌పేట వైపు మే నెల ఎండ మీకు తెలిసిందే. నీడలో 40 డిగ్రీలు దాటిన రోజున ఎండలో నిలబెట్టిన వ్యాన్ పైరేకు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. ఆ వేడి మూడు దారుల్లో లోపలికి వస్తుంది. రేకులోంచి వహనం, గాలిలోంచి సంవహనం, నేరుగా వికిరణం. పుస్తకంలో వేరువేరుగా చదివిన మూడూ ఇక్కడ ఒకేసారి కనబడతాయి.

వికిరణానికి మందు తెల్లరంగు. పైకప్పుకు తెల్లరంగు వేస్తే తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభం. సోలార్ పలకలను రేకుకు అంటించకుండా రెండంగుళాల ఎత్తులో బిగిస్తే వాటి నీడే గొడుగవుతుంది. పలకలకు కింద గాలి తగిలి అవి కూడా చల్లబడతాయి. వేడెక్కిన పలక తక్కువ కరెంటు ఇస్తుందని గుర్తుంచుకోండి.

వహనానికి మందు తాపడం. రేకుకూ లోపలి ప్లైవుడ్‌కూ మధ్య నురగ షీటు పెట్టాలి. మేం ఎయిర్ కండిషన్ పైపులకు చుట్టే నల్లటి నైట్రైల్ నురగ షీటు వాడాం. థర్మాకోల్ చౌక. కానీ కుదుపులకు కిర్రుమంటుంది, పొడి రాలుతుంది, తొందరగా అంటుకుంటుంది. గ్లాస్ ఊలు దురద పుట్టిస్తుంది, తడిసి కిందికి జారుతుంది. ఏది వాడినా రేకుకు పూర్తిగా అతకాలి. ఖాళీ వదిలితే చలికాలంలో ఊపిరి తేమ అక్కడ చేరి నీటి చుక్కలుగా మారి, లోపల్లోపలే తుప్పు పట్టిస్తుంది.

సంవహనానికి మందు గాలి దారి. వేడిగాలి పైకి పోతుంది. కాబట్టి పైన ఒక బయటికి లాగే ఫ్యాను, కింద ఒక జాలీ. ఒక్కటే ఉంటే ఉపయోగం లేదు. గాలి పోవడానికీ రావడానికీ రెండు దారులుండాలి. ఆ జాలీకి దోమతెర కట్టండి. శామీర్‌పేట చెరువు పక్కన ఒక్క రాత్రి పడుకుంటే దోమతెర విలువ తెలుస్తుంది.

కరెంటు: ముందు ఖర్చు, తర్వాత సంపాదన

చాలామంది ముందు సోలార్ పలక కొని, తర్వాత ఏం నడుస్తుందో చూస్తారు. అది తలకిందుల లెక్క. ఇంట్లో అమ్మ నెల ఖర్చు లెక్క వేసినట్టు ముందు రోజుకు ఎంత వాడతామో రాసుకోవాలి. మా లెక్క ఇది:

మూడు ఎల్.ఇ.డి. బల్బులు, 5 వాట్లవి, 4 గంటలు – 60 వాట్-అవర్లు.
రెండు 12 ఓల్టుల ఫ్యాన్లు, 15 వాట్లవి, 8 గంటలు – 240.
మూడు ఫోన్లు – 45.
ఒక లాప్‌టాప్ – 50.
నీళ్ళ చిన్న పంపు, 40 వాట్లది, పావుగంట – 10.
మొత్తం 405 వాట్-అవర్లు.

మన ప్రాంతంలో ఏడాది సగటున రోజుకు సుమారు 5 గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు పడుతుంది. పైకప్పు మీద పడుకోబెట్టిన పలక, వేడి, దుమ్ము, వైర్ల నష్టం అన్నీ పోను నూటికి 70 వంతులు చేతికొస్తుందనుకుందాం. 200 వాట్ల పలక అయితే 200 × 5 × 0.7 = 700 వాట్-అవర్లు. ఖర్చు 405, రాబడి 700. ఎండాకాలంలో మిగులే. ముసురు పట్టిన ఆషాఢం, శ్రావణంలో రెండు గంటలే ఎండ అనుకుంటే 280 వస్తుంది. రోజుకు 125 లోటు. ఆ లోటు తీర్చడానికే బ్యాటరీ.

రెండు రోజులు ఎండే లేకపోయినా నడవాలంటే 810 వాట్-అవర్లు నిల్వ ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే తొందరగా చచ్చిపోతుంది. కాబట్టి 1,620 వాట్-అవర్లు, అంటే 12 ఓల్టుల దగ్గర 135 ఆంపియర్-అవర్లు. దుకాణంలో దొరికేది 150. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అయితే నూటికి 80 వంతులు వాడుకోవచ్చు. 100 ఆంపియర్-అవర్ది సరిపోతుంది, బరువు నాలుగోవంతుకు తగ్గుతుంది. ధర ఎక్కువే కానీ ఎక్కువ ఏళ్ళు వస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. దాని పెట్టెకు బయటికి గాలి గొట్టం తప్పనిసరి.

ఫ్రిజ్ పెడదామా అని మిత్రుడు అడిగాడు. 12 ఓల్టుల చిన్న ఫ్రిజ్ ఒక్కటే రోజుకు 400 నుంచి 500 వాట్-అవర్లు తింటుంది. అంటే మిగతా అన్నింటికన్నా ఎక్కువ. కుండ కొన్నాం.

వైరు మీద పిసినారితనం వద్దు

ఇది నా తప్పు కథ. మొదటిసారి వైరింగు నేనే చేశాను. ఇంట్లో బల్బుకు వాడే 1 చదరపు మిల్లీమీటరు వైరు ముక్కలు మిగిలి ఉంటే అవే లాగాను. రాత్రి తొమ్మిదింటికి శామీర్‌పేట దగ్గర బండి ఆపి అన్నీ వేశాం. కాసేపటికి కాలిన వాసన. ప్లైవుడ్ వెనక వైరు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంది. నిద్రలో ఉండి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

ఎందుకలా అయింది? సామర్థ్యం అంటే ఓల్టేజి ఇంటూ కరెంటు. 120 వాట్లు కావాలంటే 230 ఓల్టుల దగ్గర అర ఆంపియరు చాలు. 12 ఓల్టుల దగ్గర 10 ఆంపియర్లు కావాలి. బ్యాటరీ నుంచి 5 మీటర్ల దూరమంటే రానూపోనూ 10 మీటర్ల వైరు. రాగి 1 చదరపు మిల్లీమీటరు వైరుకు అంత పొడవులో నిరోధం సుమారు 0.17 ఓములు. 10 ఆంపియర్లు పారితే 1.7 ఓల్టులు వైరులోనే పోతాయి, 17 వాట్ల వేడి పుడుతుంది. గాలి ఆడని తాపడం లోపల ఆ వేడికి పోయే దారి లేదు. నేను అదే వైరు మీద పంపు, ఫ్యాన్లు, చార్జర్లు అన్నీ కలిపి ఇంకా ఎక్కువ లాగాను. పైగా ఫ్యూజు పెట్టలేదు. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరయితే 10 ఆంపియర్లకు నష్టం 0.3 ఓల్టు లోపే.

ఫ్యూజు విషయంలో ఒక్క సూత్రం: ఫ్యూజు వస్తువును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. అందుకే అది బ్యాటరీ పాజిటివ్‌కు చేతిదూరంలోనే ఉండాలి. ఒక్కో దారికి ఒక్కో ఫ్యూజు. రేకులోంచి వైరు పోయే ప్రతిచోటా రబ్బరు బుష్ ఉండాలి. చార్జి కంట్రోలరుకు ముందు బ్యాటరీ, తర్వాత సోలార్ పలక కలపాలి. విప్పేటప్పుడు ముందు పలక, తర్వాత బ్యాటరీ.

బండి నడుస్తున్నప్పుడు ఇంజిను ఆల్టర్నేటరుతో కూడా ఈ బ్యాటరీని నింపుకోవచ్చు. కానీ నేరుగా కలపకండి. మధ్యలో డి.సి. చార్జరు గానీ, విడదీసే రిలే గానీ ఉండాలి. లేకపోతే రాత్రి ఫ్యాన్లు తిరిగి తిరిగి పొద్దున బండి స్టార్టు కాదు.

మంట, గాలి

వంటకు కరెంటు పొయ్యి పెట్టవచ్చా? 1,500 వాట్ల ఇండక్షన్ పొయ్యికి 12 ఓల్టుల దగ్గర 125 ఆంపియర్ల పైనే లాగాలి. మన చిన్న బ్యాటరీకి అది మోయలేని బరువు. అందుకే గ్యాసు. ఇంటి పెద్ద సిలిండరు బండిలో పెట్టవద్దు. 5 కిలోల చిన్న సిలిండరు చాలు, పొదుపుగా వండుకుంటే ఇద్దరికి దాదాపు నెల వస్తుంది. గ్యాసు గాలికన్నా బరువు. కారితే కిందికి చేరి నిలుస్తుంది. అందుకే సిలిండరుకు వేరే పెట్టె కట్టి, ఆ పెట్టె అడుగున బయటికి రంధ్రం ఉంచాలి. ఐ.ఎస్.ఐ. గుర్తున్న గొట్టం, రెగ్యులేటరు వాడి, అతుకుల దగ్గర సబ్బునీళ్ళు పూసి చూడండి. నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు సిలిండరు దగ్గరే ఆపు చేయాలి. ఒక అగ్నిమాపక సిలిండరు మంచానికీ పొయ్యికీ మధ్య కాకుండా తలుపు దగ్గర ఉండాలి.

ఇంకా ముఖ్యమైంది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి నిద్రలోంచి లేవడు. చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని చనిపోయినవాళ్ళ వార్తలు ఏటా చదువుతున్నాం. గదికన్నా వ్యాన్ ఇంకా చిన్నది. కుంపటి గానీ, గ్యాసు మంట గానీ, జనరేటరు గానీ, ఇంజిను గానీ పెట్టుకుని నిద్రపోవద్దు. వండేటప్పుడు తలుపు తెరిచే ఉంచండి. చలికి ఇంకో దుప్పటి, అంతే.

నీళ్ళు

నీళ్ళ గురించి రాసేటప్పుడు నాకు బాబాసాహెబ్ చిన్ననాటి ప్రయాణం గుర్తొస్తుంది. 1901లో తండ్రిని చూడడానికి అన్నతో, అక్క పిల్లలతో కలిసి రైలెక్కి మసూర్‌లో దిగారు. అంటరాని పిల్లలని తెలిసి బండి తోలడానికి ఎవరూ రాలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండివాడు పక్కన నడుస్తుంటే పిల్లలే బండి తోలుకున్నారు. డబ్బానిండా తిండి ఉంది. తాగడానికి నీళ్ళు లేవు. దారిలో ఎవరూ ఇవ్వలేదు. ఆ రాత్రి తిండి ముందు పెట్టుకుని ఆకలితోనే పడుకున్నారు. ఆ సంగతి ఆయనే ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నారు. అందుకే మా బండిలో మొదట చోటు కొలిచింది మంచానికి కాదు, నీళ్ళకు.

మనిషికి రోజుకు తాగడానికి 3–4 లీటర్లు. వంటకు, గిన్నెలకు, ముఖం కాళ్ళకు కలిపి 10 లీటర్లతో సర్దుకోవచ్చు. ఇద్దరికి మూడు రోజులకు 60 లీటర్లు. దాన్ని ఒకే పెద్ద ట్యాంకులో పోస్తే సగం నిండినప్పుడు మలుపుల్లో అటూ ఇటూ ఊగి బండిని ఊపుతుంది, కడగడమూ కష్టమే. మూడు 20 లీటర్ల తినుబండార రకం డబ్బాలు మేలు. బోరింగు దగ్గరైనా, పెట్రోలు బంకు దగ్గరైనా చేత్తో మోసుకొచ్చి నింపుకోవచ్చు. ఒక డబ్బా పూర్తిగా తాగునీటికే. చిన్న 12 ఓల్టుల పంపు పెడితే కొళాయి తిప్పుకోవచ్చు. అది చెడిపోయిన రోజుకు చెంబు ఉండనే ఉంది.

వాడిన నీళ్ళకు కింద ఇంకో ఖాళీ డబ్బా. దాన్ని చెరువులో పారబోయవద్దు. శామీర్‌పేట చెరువు పక్షులదీ, చేపలు పట్టేవాళ్ళదీ, రైతులదీ. మరుగుదొడ్డికి మూత ఉన్న బకెట్టు, పైన చల్లడానికి రంపపుపొట్టు లేదా బూడిద. వీలైనంత వరకు బంకులు, బస్టాండ్లలోని మరుగుదొడ్లే వాడుకుంటాం.

మంచం, పెట్టెలు

ఇక్కడ మన హాస్టల్ చదువు అక్కరకొచ్చింది. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, ఒక పళ్ళెం, ఒక గ్లాసుతో ఏళ్ళ తరబడి బతికినవాళ్ళం. ఒకే హాల్లో ఎంతోమందితో సర్దుకున్నవాళ్ళకు పదడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు చోటు చిన్నదనిపించదు. మంచం కింద ఎవరి ట్రంకు పెట్టె వాళ్ళది, దానికి బెల్టు. మంచం సగం మడిస్తే పనిబల్ల. డ్రైవరు వెనక పనిముట్ల అర. తలుపు పక్కన పొయ్యి, నీళ్ళు. మూడోవాడు ముందు సీటు మీద పడుకుంటాడు, వంతులవారీగా. వంతు తప్పినవాడికి హాస్టల్లోలాగే జరిమానా – మర్నాడు గిన్నెలు కడగడం.

పరీక్షా ప్రయాణం

పని అయిపోయింది కదా అని దూరం వెళ్ళకండి. ముందు నింపిన నీళ్ళు, సామాను, మనుషులతో సహా మళ్ళీ కాంటా ఎక్కించండి. తర్వాత ఇంటి పక్కనే ఒక రాత్రి పడుకోండి. ఆ తర్వాత మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఒక చుట్టు. ఔటర్ రింగు రోడ్డు ప్రధాన దారిలో బండి ఆపకూడదు. ఆపాల్సి వస్తే దిగి సర్వీసు రోడ్డుకు రండి. యాభై కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టునూ బిగించి చూడండి. మొదటి ప్రయాణంలో మాకు పదకొండు బోల్టులు వదులయ్యాయి. నైలాన్ నట్లు, స్ప్రింగు వాషర్లు వేశాక మళ్ళీ వదులు కాలేదు.

తమ్ముళ్ళకు ఒక మాట

ఈ బండి ఒక్కదానిలో వెల్డరు, ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వడ్రంగి, మెకానిక్ అయిదుగురి పని ఉంది. అన్నీ ఐ.టి.ఐ.లో నేర్పేవే. అంబులెన్సులు, సంచార వైద్యశాలలు, పశువైద్య బండ్లు, టిఫిన్ బండ్లు, సినిమా వాళ్ళ కారవాన్‌లు – అన్నింటికీ ఇదే విద్య. ఖాళీ డొక్కు వ్యాన్ వచ్చి, పనికొచ్చే బండిగా బయటికి పోవడం మధ్యలో ఉన్న కూలి మన చేతుల్లోకి రావచ్చు. పదో తరగతి భౌతికశాస్త్రం పరీక్షతో అయిపోయిందనుకోకండి. నేను ఓమ్ నియమం రెండుసార్లు చదివాను. ఒకసారి మార్కుల కోసం, ఇంకోసారి కాలిన వైరు చేతిలో పట్టుకుని.

చివరగా ఒక సంగతి. బండి తయారయ్యాక ఒక మిత్రుడు, “ఇక ఎవర్నీ గది అడగనక్కర్లేదు” అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. ఇప్పటికీ ప్రతి ఊళ్ళో ముందు గది అడుగుతున్నాం. ఇచ్చినచోట ఉంటున్నాం. కొన్నిచోట్ల భోజనం పెట్టి మరీ ఉంచుకున్నారు. ఇంటిపేరు అడిగినచోట దాచకుండా చెబుతున్నాం. చుట్టాలొస్తున్నారంటే, “సరే అన్నా” అని చెప్పి బండిలోకి వస్తాం, లైటు వేసుకుంటాం, అన్నం వండుకుంటాం, కడుపునిండా నీళ్ళు తాగి పడుకుంటాం. గది అడగడం మన హక్కు. దొరకని రాత్రి తలెత్తుకుని పడుకోవడానికి ఈ బండి.

మేడ్చల్ వైపు వచ్చినప్పుడు మా షెడ్డుకు రండి తమ్ముళ్ళూ. టేపు, పెన్సిలు మీరు తెచ్చుకోండి. మిగతా పనిముట్లు మా దగ్గరున్నాయి.